దారికి అడ్డం

ముందున్న లారీ వెనక ఎర్రదీపాలు వెలిగాయి. దాని వెనక టాక్సీ ఆగింది, టాక్సీ వెనక బస్సు ఆగింది. రేవా నది వంతెన దాటి సువా నగరం వైపు పోవాల్సిన బండ్లన్నీ వైమోలి మలుపు దగ్గర ఒకదాని తోక ఒకటి పట్టుకుని నిలబడిపోయాయి. ఫూల్‌మతి ఐసుపెట్టె పట్టీని భుజానికి తగిలించుకుని రోడ్డు మీదికి దిగింది.

ఆ పెట్టెలో ఐసు ఎన్నడూ లేదు. అడుగున మడతపెట్టిన పాత తువ్వాలు, దాని మీద కాగితంలో చుట్టిన రోటీలు. కొన్నిట్లో జీలకర్ర, ఎండుమిరపకాయ వేసి వేయించిన బంగాళాదుంప. కొన్నిట్లో గుమ్మడికాయ. కూర కారకుండా ముందు రోటీ అడుగు మడిచి, తర్వాత రెండు పక్కలూ మూసి, కాగితం చివర మెలి తిప్పుతుంది. ఒక చెయ్యి స్టీరింగు మీద ఉంచి రెండో చేత్తో తినగలగాలి. చొక్కా మీద పసుపు మరక పడిందంటే ఆ మనిషి మళ్లీ కొనడు.

ఆగిన బండ్లకీ ఎదురు వచ్చే బండ్లకీ మధ్య సందులో ఆమె నడుస్తూ పోయింది. చినుకులు పడుతున్నాయి. చాలామంది అద్దాలు ముందే దించి ఉంచారు.

"మౌసీ, గుమ్మడికాయ ఉందా?" వెండిరంగు కారులోంచి పర్మేష్ చెయ్యి బయటపెట్టాడు. సువాలో బ్యాంకులో పనిచేస్తాడు. మెడలో టై వదులుగా వేలాడుతుంటుంది, ఆఫీసు దగ్గరికి వెళ్లాకే బిగిస్తాడు.

"ఉంది బాబూ. నిన్న కనపళ్లేదేం?"

"కడుపు బాగాలేదు."

"జబ్బా, మీ ఆవిడ టిఫినా?"

పర్మేష్ పకపకా నవ్వాడు. వెనకవాడు హారన్ కొట్టాడు. ముందు బండి రెండు బారల దూరం కదిలి మళ్లీ ఆగింది. ఫూల్‌మతి పొట్లం అతని చేతిలో పెట్టి, డబ్బుల కోసం ఆగకుండా పక్క బండి దగ్గరికి వెళ్లింది. ఎంత దూరం పోతాడు, ఇక్కడే ఉంటాడు.

మలుపు లోపలి పక్క, కాలువ గట్టు మీద, నీలం పరదా కింద సెరువాయా బల్ల వేసుకుని కూర్చుంది. ఉడికించిన కర్రపెండలం, వేయించిన చేప, లేత కొబ్బరి ఆమె సరుకు. పెద్ద శరీరం, పెద్ద గొంతు. బల్ల వెనక పరచిన గోనెల మీద ఫూల్‌మతి మనవరాలు శివాంజని నిద్రపోతోంది. నాలుగేళ్ల పిల్ల. తల్లి చీకటితోనే బస్సెక్కి వెళ్లిపోతుంది. ఇంట్లో ఒంటరిగా వదల్లేక ఫూల్‌మతి దుప్పటితో సహా ఎత్తుకొచ్చి ఇక్కడ పడుకోబెడుతుంది. ఈ హారన్ల మధ్య ఆ పిల్ల హాయిగా నిద్రపోతుంది. ఆదివారాలు రోడ్డు ఖాళీగా ఉన్నప్పుడే ఉలిక్కిపడి లేస్తుంది.

పెట్టె సగం ఖాళీ అయ్యాక ఫూల్‌మతి పరదా కిందికి వచ్చి కాళ్లు దులుపుకుంది. అప్పుడే అప్పల్‌సామి గొడుగు వేసుకుని వచ్చాడు. వైమోలిలో కొట్టు ఆయనదే, పెద్దరికమూ ఆయనదే.

"ఫూల్‌మతీ, శుక్రవారం సాయంత్రం ఖాళీయేనా?"

"నాకు ఖాళీ ఎప్పుడుంది భయ్యా? పని చెప్పు."

"స్కూల్లో మీటింగు. రోడ్ల ఆఫీసు వాళ్లొస్తున్నారు. బైపాస్ వేస్తారంట. కొండల వెనక నుంచి తిప్పి తిన్నగా తీసుకెళ్లి సువాలో కలుపుతారు. మనకీ పీడ విరగడైపోద్ది. ఊరంతా వస్తుంది, ఛాయ్, రోటీ లేకపోతే బాగోదు కదా. రెండొందలు చెయ్యగలవా?"

"చేస్తాను."

"కూర కారకుండా చూడు. పెద్ద పెద్దవాళ్లొస్తారు."

"నా రోటీలోంచి ఎప్పుడైనా కారిందా భయ్యా?"

"అబ్బే, మాటవరసకన్నాలే," అంటూ ఆయన గొడుగు సర్దుకుని వెళ్లిపోయాడు. రెండొందల రోటీలు! అంత పెద్ద బేరం ఆమెకి పెళ్లిళ్లకి కూడా రాలేదు. ఇంత పిండి కలపడానికి పళ్లెం చాలదు, గుడిలో పెద్ద గంగాళం అడగాలి అనుకుంటూ నిలబడింది.

సెరువాయా చేపముక్క తిరగేస్తూ ఓరగా చూసింది. "ఫూలూ, బైపాస్ అంటే ఏంటో తెలిసే ఒప్పుకున్నావా?"

"తెలుసు."

"ఈ బండ్లేవీ ఇటు రావు."

"తెలుసంటున్నా కదా."

"మరి?"

"మరేముంది సేరూ. మన దినానికి మనమే వంట."

సెరువాయా బల్ల అదిరేలా నవ్వింది. అంతలోనే నవ్వు ఆపి, తడి చేత్తో ఫూల్‌మతి మోచెయ్యి పట్టుకుని "ఇసా," అంది. అయ్యో అన్నట్టు. ఎర్రదీపాలు ఇంకా వెలుగుతూనే ఉన్నాయి. ఫూల్‌మతి పెట్టె భుజానికెత్తుకుంది.

*

ఆ సాయంత్రం కూతురు సంజేష్ని వచ్చేసరికి పాప నిద్రపోయింది. సువాలో బట్టలు కుట్టే ఫ్యాక్టరీలో సంజేష్నికి పని. మొగుడు చేపల ఓడలో ఉంటాడు, ఓడ ఒడ్డు చేరినప్పుడు ఫోను చేస్తాడు. ఆమె చెప్పులు విడిచి గుమ్మంలోనే కూర్చుండిపోయింది. జుట్టు మీద, కనుబొమల మీద నీలం నూగు.

"ఇవాళ నీలమా?" ఫూల్‌మతి కొంగుతో ఆమె నుదురు తుడిచింది.

"స్కూలు యూనిఫారాలు. ఇంకో వారం నీలమే. పాప తిందా?"

"తింది. నీకోసం చూసి చూసి ఇప్పుడే పడుకుంది."

"లేపనా?"

"లేపితే ఏడుస్తుంది."

సంజేష్ని చాప దగ్గరికి పాక్కుంటూ వెళ్లి, పాప జుట్టు మీద ముక్కు ఆనించి కాసేపు అలాగే ఉంది. తర్వాత వచ్చి కంచం ముందు కూర్చుంది. ఫూల్‌మతి మర్నాటి పిండి కలుపుతోంది. వేడినీళ్లు కొంచెం కొంచెం పోస్తూ, మణికట్టుతో నొక్కి, మడిచి, మళ్లీ నొక్కుతోంది.

"అమ్మా, శుక్రవారం మీటింగంట కదా. బస్సులో అందరూ అదే మాట. బైపాస్ వస్తే చీకటి పడకముందే ఇంట్లో ఉంటామంట."

"ఎవరన్నారు?"

"డ్రైవరే అన్నాడు. అప్పుడు పాపని నేనే స్నానం చేయిస్తా. నేనే అన్నం పెడతా. నీకూ కొంచెం విశ్రాంతి." అన్నం కలుపుతున్న చెయ్యి ఆపింది. "నేను మీటింగులో మాట్లాడతానమ్మా. సూపర్‌వైజర్‌ని బతిమాలి ముందే వచ్చేస్తా. ఎవరో ఒకరు చెప్పాలి కదా మన బతుకు."

ఫూల్‌మతి పిండి మీద మూత పెట్టింది. చెప్పాలనే ఉంది. ఆ బండ్లు ఆగడం మానేస్తే ఈ పిండి ఎవరికి తల్లీ అని ఒక్క మాట. కానీ కూతురి మొహంలో ఎన్నాళ్లకో ఒక వెలుగు కనిపించింది. అది తన నోటితో ఆర్పడం ఆమెకి చేతకాలేదు.

"మాట్లాడు. నీకు చదువొచ్చు, నువ్వు చెబితే వింటారు," అంది. "పులుసు వేసుకో, చల్లారిపోతోంది."

*

శుక్రవారం పొద్దుటి బేరం అయ్యీ కాకుండానే వంట మొదలైంది. సెరువాయా గుమ్మడికాయలు చెక్కు తీసింది. ఫూల్‌మతి పొయ్యి ముందు కూర్చుని రోటీ తర్వాత రోటీ కాల్చింది. రోటీ పొంగగానే గుడ్డతో అంచు నొక్కి తిప్పడం, దించి తువ్వాలులో చుట్టడం. మధ్యాహ్నానికి కుడి మణికట్టు వాచింది. శివాంజని చిన్న ముద్ద పట్టుకుని నేల మీద వంకరటింకర రోటీలు చేసి, అవి కూడా మీటింగుకేనని పేచీ పెట్టింది.

"పెద్దసారుకి అదే పెడదాం," అంది సెరువాయా. "గట్టిగా ఉంటుంది, నోరు కాసేపు మూతబడుతుంది."

స్కూల్లో రెండు తరగతి గదుల మధ్య చెక్కతెర తీసేసి హాలు చేశారు. గోడకి పెద్ద పటం. దాని మీద పాత రోడ్డు నల్లగీత, కొత్త రోడ్డు ఎర్రగీత. ఎర్రగీత వైమోలికి దూరంగా, ఊరు ఉన్నట్టే తెలియనట్టు పోతోంది. ఫూల్‌మతి వెనక బల్ల దగ్గర ఛాయ్ బిందె ముందు నిలబడింది. పొట్లాలు ఒకదాని మీద ఒకటి గోపురంలా పేర్చింది. జనం వచ్చి తీసుకుంటున్నారు. "మౌసీ, ఇవాళ కారు లేకుండా తింటున్నా," అన్నాడొకడు. పర్మేష్ రెండు తీసుకుని ముందు వరసలో కూర్చున్నాడు.

రోడ్ల ఆఫీసు తరఫున వచ్చినాయన పేరు ఇలైతియా. పొడుగు మనిషి, టై కట్టుకుని, కింద లుంగీలాంటి బూడిదరంగు సులు చుట్టుకున్నాడు. మెత్తగా, ఓపిగ్గా మాట్లాడాడు. ఎర్రగీత వెంట ఎవరి భూమి పోయినా వాళ్లకి న్యాయం చేస్తామన్నాడు. సొంతదారులకి, కౌలుదార్లకి, ఇళ్లకి, పంటకి.

"కొబ్బరిచెట్లకో?" వెనక బెంచీ మీంచి ఒక ముసలాయన అడిగాడు.

"ప్రతి చెట్టుకీ ఇస్తాం తాతా. కాపు లేని చెట్టుకి కూడా."

సెరువాయా ఫూల్‌మతి చెవి దగ్గర గుసగుసలాడింది. "విన్నావా? మనం చెట్లమైనా కాకపోతిమి."

ఫూల్‌మతి నవ్వలేదు. పటం మీద నల్లగీత వంపు తిరిగిన చోటు ఆమెకి కనిపిస్తూనే ఉంది. అక్కడ ఏ గుర్తూ లేదు.

"ఇంకెవరైనా ఏమైనా చెప్పాలా? భయపడొద్దు, మీ మాట వినడానికే వచ్చాం," అన్నాడు ఇలైతియా.

ఫూల్‌మతి చెయ్యి పైకి లేచింది. ఏం చెప్పాలో ఆమె అనుకోలేదు. నోరు తెరిస్తే అదే వస్తుందనుకుంది. రెండో చేతిలో ఛాయ్ కప్పు ఉంది. హాలు మొత్తం దాటి ఇలైతియా చూపు ఆమె మీద ఆగింది. ఆయన మొహం విచ్చుకుంది.

"వినాకా, థాంక్స్ అమ్మా, నాకు చాలు. చాలా బాగుంది ఛాయ్. అదిగో, ఆ తాతగారికి ఇవ్వండి."

అందరూ వెనక్కి తిరిగి చూసి నవ్వారు. ప్రేమగానే నవ్వారు. ఫూల్‌మతి చెయ్యి కొంచెంసేపు గాలిలోనే ఉండి, కిందికి దిగింది. కప్పు తీసుకెళ్లి కొబ్బరిచెట్ల ముసలాయన చేతిలో పెట్టింది. "చక్కెర ఇంకో చెంచా వెయ్యమ్మా," అన్నాడాయన. వేసింది.

అప్పుడే సంజేష్ని పరుగెత్తుకుంటూ వచ్చింది. భుజాన సంచీ, జుట్టు మీద నీలం నూగు అలాగే ఉంది. తల్లి వైపు కూడా చూడకుండా మధ్య దారిలో నిలబడిపోయింది.

"నేను మాట్లాడాలి సార్. ముందే బయల్దేరాను. ఐనా ఇప్పుడొచ్చాను, చూడండి." కొందరు నవ్వారు. ఆమె ఆగలేదు. "నాకు నాలుగేళ్ల పాప ఉంది. మొన్న దాని ముందు పళ్ళు చూశాను, ఒకటి సగం విరిగి ఉంది. ఎప్పుడు విరిగిందమ్మా అంటే మా అమ్మ, పది రోజులైందే అంది. పాలపన్నే, మళ్లీ వస్తుంది. కానీ పది రోజులు సార్! ఒకే ఇంట్లో ఉంటాం మేము." జారుతున్న సంచీని భుజం మీదికి లాక్కుంది. "ఆ రోడ్డు తొందరగా వెయ్యండి. అంతే."

హాలంతా చప్పట్లు. ఫూల్‌మతి కూడా కొట్టింది. కూతురు అంత మందిలో అంత సూటిగా మాట్లాడటం ఆమె ఎప్పుడూ చూడలేదు. ఛాతీలో గర్వంగానూ ఉంది, ఎవరో గుప్పెట్లో పిండినట్టూ ఉంది.

"ఎన్నాళ్లకి వస్తుంది సార్ బైపాస్?" అప్పల్‌సామి అడిగాడు.

ఇలైతియా గొంతు సవరించుకున్నాడు. సర్వే కావాలి, భూముల మాటలు తేలాలి, డబ్బు మంజూరవ్వాలి. "నాలుగేళ్లు. ఐదు కూడా కావచ్చు. అబద్ధం చెప్పను."

హాలు ఉసూరుమంది. అప్పుడు పర్మేష్ లేచాడు. రోటీ చుట్టిన కాగితం ఉండచేసి చేతిలోనే పట్టుకుని ఉన్నాడు.

"ఐదేళ్లు ఆ చెల్లెలు ఏం చెయ్యాలి సార్? ఈలోగా చెయ్యగలిగింది ఉంది కదా. మలుపు దగ్గర అమ్ముకునేవాళ్లు బండ్ల మధ్యకి వచ్చేస్తారు. ముందు బండి కదులుతుంది, మనవాడు చిల్లర వెతుక్కుంటూ ఉంటాడు. వెనక వంతెన దాకా ఆగిపోతుంది. నేను రోజూ చూస్తున్నా. వాళ్లని తీసేస్తే సగం ఆలస్యం తగ్గుతుంది."

"నిజమే," అన్నారెవరో. "ఏదో ఒక రోజు ఎవరో ఒకరు చక్రం కింద పడతారు కూడా," అన్నారింకెవరో.

ఇలైతియా పక్కనున్న ఆఫీసరుతో మాట్లాడి తలూపాడు. ఆ సాయంత్రం మొత్తంలో ఆయన తేలిగ్గా ఊపిరి తీసుకోవడం అదే మొదలు. "ఇది మా చేతిలో ఉన్న పని. పోలీసులతో మాట్లాడతాం. సోమవారం నుంచే మొదలుపెడతాం."

ఈసారి చప్పట్లు ఇంకా గట్టిగా మోగాయి. సంజేష్ని కూడా చేతులెత్తింది. రెండు చేతులూ కలవబోతూ ఆగిపోయాయి. ఆమె మెల్లగా వెనక్కి తిరిగి బల్ల వైపు చూసింది. ఫూల్‌మతి బిందె కింద మంట తగ్గించడానికి వంగి ఉంది.

*

గంగాళం చెరో పక్క పట్టుకుని తల్లీకూతుళ్లు ఇంటికి నడిచారు. పాప సెరువాయా భుజం మీద ముందు పోతోంది.

"నీ గురించి అన్లేదమ్మా నేను."

"ఎవరన్నారు అన్నావని?"

"జామ్ లేకపోతే నీకు బేరం ఉండదని... నాకు తట్టనే లేదు. నిజంగా. రోజూ నీ రోటీ తిని బస్సెక్కుతా, ఐనా తట్టలేదు."

"తట్టాలంటే ఇంట్లో ఉండాలి కదే నువ్వు."

సంజేష్ని గంగాళం దించేసింది. "చెయ్యెత్తావంట. సేరూ ఆంటీ చెప్పింది. ఎత్తినదానివి నోరెందుకు విప్పలేదు? ఎందుకు ఛాయ్ పోసుకుంటూ కూర్చున్నావ్?"

"ఛాయ్ అడిగారు. పోశాను."

"అదే అడుగుతున్నా!"

"ఏం చెప్పమంటావే? బండ్లు ఆగాలి, నా కూతురు రాత్రిదాకా రాకూడదు, అప్పుడే నా పొయ్యి వెలుగుతుందని చెప్పనా అంతమందిలో?" ఫూల్‌మతి గంగాళం రెండో చెవి కూడా తనే పట్టుకుని ఎత్తుకుంది. ఒక్కతే నాలుగడుగులు వేసింది. సంజేష్ని వెనకే వచ్చి మళ్లీ ఒక పక్క అందుకుంది.

సోమవారం ఫూల్‌మతి రోటీలు చేసింది. అలవాటుగా కొన్ని, ఆశగా మరికొన్ని. చేస్తామనేవాళ్లు మాటలే చెబుతారు, చెయ్యరు అని సెరువాయా అంది మరి. కానీ మలుపు దగ్గర కాలువ గట్టు పొడుగునా నారింజరంగు ప్లాస్టిక్ దిమ్మెలు పెట్టి తాడు కట్టేశారు. మొక్కజొన్నపొత్తుల వాళ్లు అప్పటికే సామాను సర్దుకుంటున్నారు. ఒక కుర్ర కానిస్టేబుల్ వానకోటు వేసుకుని నిలబడ్డాడు.

"మౌసీ, నా మీద కోప్పడకు," అన్నాడు, ఆమె దగ్గరికి రాకముందే.

"నీ మీదెందుకు నాయనా? ఏమైనా తిన్నావా పొద్దున్నుంచీ?"

"లేదు."

"ఇంద."

అతను రోడ్డు అటూ ఇటూ చూసి, దిమ్మెల వెనకకి తిరిగి నిలబడి తిన్నాడు. కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. తాడు మాత్రం విప్పలేదు.

బండ్లు వచ్చాయి. ఎర్రదీపాలు వెలిగాయి. లారీ ఆగింది, టాక్సీ ఆగింది, బస్సులు ఆగాయి. బండ్ల మధ్య ఒక్క మనిషి కూడా లేడు. ఐనా రోజూ ఎక్కడిదాకా ఆగుతాయో అక్కడిదాకానే ఆగాయి. ఫూల్‌మతి తాడు ఇవతల నిలబడి చూసింది. వెండిరంగు కారు వచ్చి సరిగ్గా ఆమె ఎదురుగా ఆగింది.

పర్మేష్ ఆమెని చూడనట్టు ఫోను తీశాడు. ఫోను పెట్టేశాడు. రేడియో తిప్పాడు. వరస కదలలేదు. పారిపోవడానికి ఎటూ దారి లేదు. కాసేపటికి అద్దం దించాడు.

"మౌసీ, నేను మీ గురించి కాదు అన్నది. ఆ మొక్కజొన్నల వాళ్లు మరీ చక్రాల కిందికి వచ్చేస్తుంటారు కదా. మీరు ఒద్దికగా ఉంటారు, నాకు తెలీదా?"

"సరే బాబూ."

"నాకూ చెడ్డగానే ఉంది."

"సరే."

ఇంకా కదలలేదు. అతను టై సర్దుకున్నాడు. కడుపు మీద చెయ్యి వేసుకుని తీసేశాడు. ఐసుపెట్టె వైపు ఒకసారి చూశాడు. ఇద్దరి మధ్య తాడు, కాలువ, కానిస్టేబుల్. ఏదో ఒకటి తిట్టి ఉంటే బాగుండుననుకున్నాడేమో, ఆమె తిట్టలేదు. ఆమెకి తిట్టాలనే ఉంది, కానీ ఏ మాటతో మొదలుపెట్టాలో తెలియలేదు.

"అద్దం ఎత్తుకో, వాన లోపలికి కొడుతోంది," అంది చివరికి.

*

నది అవతలి నౌసోరి మార్కెట్లో బల్ల దొరుకుతుందేమోనని ఫూల్‌మతి వెళ్లి అడిగింది. బల్లలన్నీ ముందే ఎవరెవరివో. బస్‌స్టాండులో రెండు రోజులు పెట్టె పట్టుకుని నిలబడింది. అక్కడ రోటీలు అమ్మేవాళ్లు తనకంటే ముందు నుంచీ ఉన్నారు. వాళ్లలో ఒకామె వచ్చి, తిట్టకుండానే, "దీదీ, నాకూ ఇద్దరు పిల్లలు," అంది. ఫూల్‌మతి పెట్టె తీసుకుని వచ్చేసింది.

సెరువాయా పరదా విప్పి చుట్టేసింది. ఆమె ఊరు నది అవతల, బస్సు దిగి పది నిమిషాలు నడిస్తే వస్తుంది. వాళ్ల వంశానికి భూమి ఉంది. "కర్రపెండలం వేసుకుంటా. నువ్వూ వచ్చెయ్ ఫూలూ."

"వచ్చి ఏం చెయ్యను? మీ నేల మీద నిలబడి మీ పెండలం మీకే అమ్మనా?"

ఇద్దరూ నవ్వారు. సెరువాయా నవ్వు ముందులా బల్లలు అదిరేలా లేదు.

గురువారం సాయంత్రం సంజేష్ని చెప్పింది. మీటింగు రాత్రి నుంచీ ఆమె పాలు, ఉప్పు, తలుపు లాంటి మాటలే మాట్లాడుతోంది. "ఫ్యాక్టరీలో దారాలు కత్తిరించే చోట ఒకామె మానేసింది. నీకోసం అడిగాను. కూర్చుని చేసే పనే."

"పాపో?"

సంజేష్ని గోటితో చాప అంచు పీకింది. జవాబు మర్నాడు సెరువాయానే తెచ్చింది. "నా దగ్గర వదలండి. నలుగురితో నారాయణా అని తిరుగుతుంది. సాయంత్రం తీసుకుపోండి, లేకపోతే అక్కడే పడుకుంటుంది."

తర్వాతి సోమవారం చీకట్లోనే ఇద్దరూ పాపని నది అవతల దించారు. శివాంజని నిద్రకళ్లతో సెరువాయా గౌను పట్టుకుని నిలబడింది. ఏడవలేదు. అదే ఫూల్‌మతికి కష్టంగా తోచింది. ఒక్క ఏడుపు ఏడ్చి ఉంటే ఎత్తుకుని తిరిగి వచ్చేసేదేమో.

బస్సులో కిటికీ పక్క కూతురు, ఇవతల తల్లి. ఇన్నేళ్లలో ఫూల్‌మతి ఆ వేళకి బస్సులో కూర్చోవడం ఇదే మొదటిసారి. చేతుల్లో ఏమీ లేదు. వాటిని ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ఒళ్లో ఒకదాని మీద ఒకటి పెట్టుకుంది. వంతెన దాటగానే బస్సు ఆగింది. కదిలింది, ఆగింది. లోపల ఎవరూ విసుక్కోలేదు. అందరూ కళ్లు మూసుకున్నారు, ఇది కూడా ఉద్యోగంలో భాగమే అన్నట్టు.

"దారాలు కత్తిరించేటప్పుడు బట్ట తెగిందనుకో, భయపడకు. నా దగ్గరికి తీసుకురా, నేను కుట్టేస్తా," అంది సంజేష్ని.

"అలాగే."

"కత్తెర మొన ఇటు పెట్టుకోవాలి." గాలిలో చేసి చూపించింది. "మధ్యాహ్నం ఇద్దరం కలిసి తినొచ్చు. గేటు పక్కన నీడ ఉంటుంది."

"సరే తల్లీ."

ఇంకేదో చెప్పబోయి సంజేష్ని ఆవులించింది. తల కిటికీకి ఆనించింది. బస్సు ఊగినప్పుడల్లా తల అద్దానికి కొట్టుకుంటోంది. ఫూల్‌మతి చెయ్యి చాచి ఆ తలని మెల్లగా తన భుజం మీదికి తీసుకుంది. కూతురు ప్రతిఘటించలేదు. రెండు నిమిషాల్లో ఒళ్లంతా వదిలేసి, నోరు కొంచెం తెరుచుకుని నిద్రపోయింది. పెళ్లికి ముందెప్పుడో ఇలా నిద్రపోయింది. చెవి వెనక నీలం పోగు ఒకటి అంటుకుని ఉంది. లేస్తుందేమోనని ఫూల్‌మతి దాన్ని తీయలేదు.

వాన వెలిసింది. ఎప్పటికో బండ్లు విడివడ్డాయి. డ్రైవరు గేరు మార్చాడు, బస్సు వేగం అందుకుంది. గాలికి కిటికీలు గలగలమన్నాయి. జనం కళ్లు తెరిచి సంచులు సర్దుకుంటున్నారు. ఎడమ పక్క సముద్రం కనిపించింది, దాని వెనక ఓడలరేవు క్రేన్లు, ఫ్యాక్టరీల రేకుల కప్పులు.

సంజేష్ని కళ్లు తెరవకుండానే కదిలింది. "ఎక్కడున్నామమ్మా?"

ఫూల్‌మతి బయటికి చూసింది. తర్వాత ఆగాల్సిన చోటు వాళ్లదే. బస్సు ఆపమని గంట తాడు అప్పుడే ఎవరో లాగారు.

"ఇంకా చాలా దూరం ఉంది," అంది. "పడుకో."